‘ఆగండి’ అనే గొయ్యి

కోరుకొండ దాటి లోపలికి వెళ్తే ఎర్రమట్టి తవ్వుకుని వదిలేసిన క్వారీ ఒకటుంది. దాని చివర, తుమ్మచెట్ల వెనకాల, పెద్ద గొయ్యి. చీకటి పడ్డాక అటు ఎవరూ వెళ్ళరు. మేక తప్పిపోయినా సరే, తెల్లారాక వెతుక్కుందాంలే అని ఇంటికెళ్ళిపోతారు.

ఎందుకంటే... అక్కడ ఒక ఆడగొంతు వినిపిస్తుందట.

కేకలు పెట్టదు. ఏడవదు. పేరు పెట్టి పిలవదు. “ఆగండి...” అంటుంది. అంతే. కాసేపాగి మళ్ళీ — “ఆగండి...”

నవ్వుకుంటే నవ్వుకోండి. మొదటిసారి విన్నప్పుడు, అది ఏ గొయ్యో తెలీక, నేనూ నవ్వాను. మా గోదారి జిల్లాల్లో దెయ్యానికి కూడా మర్యాద ఎక్కువే, అండీ అనకుండా నోరు విప్పదు అని కొట్లో అందరి దగ్గరా చెప్పి నవ్వించాను. అది ఎవరి గొంతో తెలిశాక మాత్రం నాకు మళ్ళీ నవ్వు రాలేదు.

నా పేరు వెంకటదుర్గ. రాజమండ్రిలో చీరల కొట్టు నాది. మా ఆయన ఉదయభాస్కర్‌కి జీపుల పిచ్చి. ఇందులో కొంత నా చెవులతో నేను విన్నది. మిగతాది ఆయన చెప్పింది చెప్పినట్టు చెబుతాను.

మా ఆయనా, ఇంకొంతమందీ కలిసి ఒక జీపుల క్లబ్బు పెట్టుకున్నారు. డాక్టర్లు, రైసుమిల్లుల వాళ్ళు, రొయ్యల చెరువుల వాళ్ళు. ఏడాదికోసారి శని, ఆదివారాలు పందేలు. లక్షలు పోసి కొన్న జీపుని గోతుల్లో దించుతారు, గట్లెక్కిస్తారు, బురదలో ముంచుతారు, ఆఖరికి ట్రాక్టరుతో లాగించుకుంటారు. దానికి చప్పట్లు! పెళ్ళాలం మేం టెంటులో కూర్చుని పులిహోర కలుపుతూ ఈ మగాళ్ళకి బుద్ధెప్పుడొస్తుందా అనుకునేవాళ్ళం.

మాలో హైమ ఒక్కతే టెంటులో కూర్చునే రకం కాదు.

హైమ, శ్రీనివాసరాజు గారు మొగుడూ పెళ్ళాలు. భీమవరం దగ్గర చెరువులు వాళ్ళకి. బండి ఆయన తోలితే, దారి హైమ చెప్పేది. ఈ పందేల్లో అదో పద్ధతి. పక్కన కూర్చున్న మనిషి దిగి, బండికి ముందో వెనకో నుంచుని, ఎటు తిప్పాలో ఎక్కడ ఆపాలో చెప్పాలి. తోలేవాడు నేలకేసి చూడకూడదు, ఆ మనిషి మాటే వినాలి. చీర కుచ్చిళ్ళు తప్ప ఇంకేం తెలీని నాకు హైమని చూస్తే అబ్బురం. మోకాళ్ళదాకా ఎర్రబురదతో వచ్చి, “వదినగారూ, ఒక్క ముద్ద పెట్టండి, చేతులు బాలేవు” అని నోరు తెరిచేది. నేను పెట్టేదాన్ని.

రెండేళ్ళ కిందట పోయింది. ఆ గొయ్యి దగ్గరే.

ఆఖరి పందెం చీకట్లో. గట్టు ఎక్కడానికి జీపుకి ఊపు చాల్లేదు. ఊపు కోసం వెనక్కి రావాలి. హైమ దిగి, టార్చిలైటు పట్టుకుని వెనకాల నుంచుంది. ఆ వెనకాలే గొయ్యి. రాజుగారు వెనక్కి వస్తున్నారు... వస్తున్నారు... బండి బరువుకి అంచు మట్టి పెళ్ళ విరిగింది. మట్టితో పాటు హైమా వెళ్ళిపోయింది. జీపు మాత్రం ఒక చక్రం గాల్లో పెట్టుకుని పైనే ఆగింది.

ఆయనకి చిన్న గీత కూడా పడలేదు. పడినా బావుండేదేమో.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. బండిలో ఒక వాకీటాకీ, దిగిన మనిషి దగ్గర ఒకటి ఉంటాయి. సెట్లు అంటారు. ఒక్కో జంటకి ఒక్కో ఛానల్, మిగతావాళ్ళకి వాళ్ళ మాటలు వినపడవు. బటన్ నొక్కితే మనం మాట్లాడొచ్చు. వదిలితేనే అవతలి మాట వినపడుతుంది. కాబట్టి ఆ రాత్రి ఆఖరి నిమిషంలో హైమ ఏమందో రాజుగారికి తప్ప ఇంకెవరికీ తెలిసే వీల్లేదు.

రాజుగారికీ తెలీదు.

పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక రాజుగారు మా ఆయన చెయ్యి పట్టుకున్నారు. “భాస్కర్‌గారూ... తను ఆగండి అని ఉంటుందా? అని ఉంటే నాకు వినపడాలి కదండీ? నేను వినలేదా... తను అనలేదా?”

 

ఆ ఒక్క ప్రశ్న మనిషిని తినేసింది. తిండి లేదు. నిద్ర లేదు. చెరువులు తమ్ముడి మీద వదిలేశారు. ఎవరు ఎదురుపడినా అదే మాట — నేను వినలేదా, తను అనలేదా? పిచ్చెక్కుతోందని చుట్టాలు మొహం చాటేశారు. 

ఈలోగా మేకలవాళ్ళ మాట పుట్టింది. గొయ్యి దగ్గర ఎవరో ‘ఆగండి’ అంటున్నారని. ఆ కబురు భీమవరం దాకా పోయింది.

పోయినేడాది పందేలు వేరే చోట పెడదామనుకున్నారు. రాజుగారే ఫోన్ చేశారు. “అక్కడే పెట్టండి. హైమ పేరు మీద కప్పు ఇస్తాను” అని. క్లబ్బు ప్రెసిడెంటు అచ్చిబాబుగారికి కాదనడానికి నోరు రాలేదు. నేను గొడవపడ్డాను. గొయ్యి వైపు వెళ్ళకుండా కట్టుదిట్టం చేస్తాం, చీకటి పందెం ఎత్తేస్తాం అన్నారు. సరే, మగాళ్ళు చేసే కట్టుదిట్టం ఎంతో నాకు తెలీదా!

శనివారం పందేలు పొద్దుగూకేలోపే అయిపోయాయి. కప్పు ఇచ్చేశారు. జనరేటర్ వెలుగులో భోజనాలు మొదలయ్యాయి. రాజుగారు పొద్దున్నుంచీ ఎవరితోనూ మాట్లాడలేదు. ఒక ముద్దయినా తింటారేమోనని పలావు ప్లేటులో పెట్టుకుని చూస్తే... ఆయన లేరు.

జీపు కూడా లేదు.

“ఏవండీ...” అన్నాను. మా ఆయన అప్పటికే అటు చూస్తున్నారు. తుమ్మచెట్ల వెనకాల రెండు లైట్లు. కదలకుండా.

ఆయన చటుక్కున సెట్టు తీసి, రాజుగారూ హైమా వాడే ఛానల్‌కి తిప్పారు.

రాజుగారి గొంతు. ఎంత మెల్లిగానో...

“హైమా... నేనే. వచ్చాను.”

టెంటులో అందరం చేతులాపేశాం.

“ఇక్కడ మాట్లాడుతున్నావట కదా. మేకలవాళ్ళకి చెబుతావు... నాకు చెప్పవా? నీ గొంతు విని ఏడాదైంది హైమా.”

కాసేపు ఊపిరి చప్పుడు. తర్వాత ఇంజను మోత.

“వెనక్కి వస్తున్నాను. నువ్వు వెనకాలే ఉన్నావు, నాకు తెలుసు. ఆగండి అను... ఆగిపోతాను. అనకపోతే — నన్నూ రమ్మన్నావనుకుంటాను.”

 మా ఆయన బటన్ నొక్కి అరిచారు. “రాజుగారూ! ఆపండి! నేను భాస్కర్‌ని! ఆపండి!”

ఎక్కడ వినపడుతుంది? రాజుగారు బటన్ వదిలితే కదా! నొక్కి పట్టుకుని మాట్లాడుతూనే ఉన్నారు. “హైమా... అను... ఒక్కసారి అను...”

అప్పుడు సెట్లో గరగరమని శబ్దం.

ఇద్దరు ఒకేసారి నొక్కితే వచ్చే శబ్దం అది. మా ఆయన అప్పటికే తన సెట్టు మీంచి వేలు తీసేశారు. అయినా గరగర ఆగలేదు. ఆ ఛానల్‌లో ఇంకెవరూ లేరు...

“ఆగండి.”

అచ్చిబాబుగారి చేతిలో ప్లేటు కింద పడింది.

“ఏవండీ... ఆగండి... ఏవండీ!”

హైమ. అమ్మ తోడు, హైమే! నా చేతి ముద్ద తిన్న పిల్ల గొంతు నాకు తెలీదా? భయం వేయాల్సింది పోయి ఏడుపు ముంచుకొచ్చింది. ఆయన గొంతూ, ఆవిడ గొంతూ ఒకదాని మీద ఒకటి. ‘అను హైమా’ అని ఆయన బతిమాలుతున్నారు. ‘ఆగండి’ అని ఆవిడ మొత్తుకుంటోంది. మా అందరికీ వినపడుతోంది. వినాల్సిన ఆ ఒక్క మనిషికే వినపడటం లేదు!

“బటన్ వదలండి రాజుగారూ! అంటోంది! మీ హైమ అంటోంది! వదలండి!” అని ఆ సెట్టుకేసి నేను పిచ్చిదాన్లా అరిచాను.

మా ఆయన నాకేసి తిరిగారు. “దుర్గా... అప్పుడూ ఇంతే జరిగింది” అన్నారు. “ఇంకా రానా, ఇంకా రానా అని అడుగుతూ బటన్ నొక్కే పట్టుకుని ఉంటారు. ఆవిడ చెబుతూనే ఉండి ఉంటుంది.”

అని, సెట్టు చేత్తో పట్టుకుని చీకట్లోకి పరిగెత్తారు.

ఇక్కణ్ణించి ఆయన చెప్పింది.

తుమ్మచెట్ల దగ్గరికి వెళ్ళేసరికి జీపు వెనక్కి జరుగుతూనే ఉందట. కట్టిన ప్లాస్టిక్ రిబ్బన్లు తెంపుకుని... అంగుళం అంగుళం. ముందువారం వానలకి అంచున మట్టి నానిపోయింది. వెనక చక్రం ఒక్కసారి అందులోకి దిగబడింది. ఇంజను దగ్గి, ఆగిపోయింది. అంతే... ఆ బురదే ఆయన్ని కాపాడింది.

రాజుగారు సీట్లో అలాగే ఉన్నారు. సెట్టు నోటి దగ్గరే ఉంది. బొటనవేలు బటన్ మీద బిగుసుకుపోయి తెల్లగా అయిపోయింది. మా ఆయన ముందు ఆ సెట్టు కట్టేసి, తర్వాత ఆ వేలు మెల్లిగా విప్పదీశారు.

“భాస్కర్‌గారూ...” అన్నారు రాజుగారు. “మీ దగ్గర సెట్టుంది కదా. ఈ ఛానల్‌లోనే ఉన్నారా?”

“ఉన్నానండి.”

“ఏమైనా... వినిపించిందా?”



“లేదు రాజుగారూ. మీ గొంతు ఒక్కటే వచ్చింది.”

“ఆగండి అని...?”

“లేదండి. ఎవరూ ఏమీ అనలేదు.”

రాజుగారు స్టీరింగ్ మీద తల పెట్టుకున్నారు. చాలాసేపటికి, “అయితే అప్పుడూ అనలేదన్నమాట” అన్నారు. “అనేలోపే మట్టి విరిగిపోయింది. తనకి తెలీనే తెలీదు. భయపడి కూడా ఉండదు కదండీ? నేను వినకపోవడం కాదు... తను పిలవనే లేదు.” అలా అంటూ అంటూ వెక్కి వెక్కి ఏడ్చారట.

అచ్చిబాబుగారు ఇంకో జీపు తెచ్చి, తాడేసి లాగారు. రాజుగారిని టెంటుకి తీసుకొచ్చారు.  మా ఆయన కళ్ళతోనే అందరి నోళ్ళూ మూయించారు. నేను కలిపిచ్చిన పెరుగన్నం రాజుగారు మొత్తం తిన్నారు. మడత మంచం మీద వాలి, నిద్రపోయారు. ఏడాది తర్వాత నిద్ర! చంటిపిల్లాడిలా నోరు తెరుచుకుని పడుకున్నారు.

అందరికీ మనసు తేలికపడింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

ఇంటికి వస్తుంటే దారి పొడుగునా కారులో మా ఆయన్ని దులిపేశాను. “ఎంత అన్యాయం అండీ ఇది! అది బతికున్నప్పుడు పిలిచింది, వినపడలేదు. చచ్చిపోయాక కూడా గొంతు చించుకుని పిలిచింది, అప్పుడూ వినపడలేదు. పోనీ మనం విన్నాం కదా! నీ పెళ్ళాం నిన్ను ఆపడానికి ఇంత మొత్తుకుందయ్యా అని ఒక్కమాట చెప్పలేకపోయారా? అది పిలవనే లేదని చెప్పడానికి మీకు నోరెలా వచ్చింది? ఆ పిల్ల ఏం పాపం చేసిందని?”

 గాడాల దాటాక మా ఆయన కారు పక్కకి తీసి ఆపేశారు. 

“చెబుదామనే పరిగెత్తాను దుర్గా” అన్నారు. “పరిగెడుతున్నంతసేపూ అదే అనుకున్నాను. వెళ్ళగానే చెప్పెయ్యాలి, మీ హైమ ఆగండి అంటోందండీ అని.”

“మరి?”

“చక్రం దిగబడి ఇంజను ఆగిపోయింది కదా... అప్పటికి నేనింకా చెట్ల దగ్గరే ఉన్నాను. ఆయనింకా బటన్ వదల్లేదు. నా సెట్లో ఆయన ఏడుపు వస్తోంది. ఆ ఏడుపు వెనకనుంచి... గరగరమంది. ఈసారి పిలిచింది ఆయన్ని కాదు. నన్ను.”

 “ఏమంది?”

ఆయన నాకేసి తిరగలేదు. రోడ్డుకేసి చూస్తూ, హైమ మాట హైమ అన్నంత మెల్లిగానే చెప్పారు.

“అన్నయ్యగారూ... నేను పిలిచానని ఆయనకి చెప్పకండి. తట్టుకోలేరు.”