కూర్చుంటే వచ్చే నొప్పి

పొయ్యి మీద పాలు కాగక ముందే ఆ ఇంట్లో కుట్టుమిషన్ చప్పుడు మొదలైంది. మామూలు రోజుల్లో టైలరమ్మ కుట్టేవి స్కూలు యూనిఫారాలు. ఆ రోజు కుడుతున్నది మాత్రం కూతురి కోసం ఒక పెద్ద దిండు. వీపుకి ఆనేలా వెనక ఎత్తు, మోచేతులు పెట్టుకోవడానికి రెండు పక్కలా దన్ను. పురుడు పోసుకుని ఇంటికొచ్చి మూడు రోజులైంది, కూతురు నిటారుగా కూర్చోలేకపోతోంది. కూర్చోలేకపోతే కూర్చోబెట్టే దిండు కుట్టాలి. కుడితే బాగుపడనిది ప్రపంచంలో లేదని ఆవిడ నమ్మకం.

"లేవే చిట్టీ, పాప గుక్కపట్టేలా ఉంది. ఇదిగో, నీకు సింహాసనం కుట్టాను చూడు" అంటూ గదిలోకొచ్చింది.

కూతురు కళ్లు తెరవలేదు. "పాపని పక్కన పడుకోబెట్టమ్మా. పడుకునే పాలిస్తాను."

"పడుకుని పాలిస్తే చెవిలోకి పోతాయి. రేపు దానికి చెవిపోటొస్తే ఎవరు పడతారు? లే, లే."

తల్లి ఆమె భుజాల కింద చేయి వేసి లేపింది. కూర్చున్న మరుక్షణం మెడ వెనక నుంచి నుదుటి దాకా తల బద్దలైపోతున్నట్టు నొప్పి లేచింది. కూతురు రెండు చేతులతో తల పట్టుకుని పక్కకి ఒరిగిపోయింది. కాసేపు పడుకున్నాక ఊపిరి నిదానించింది.

"చూశావా, పడుకోగానే పోయింది!" అంది తల్లి. "పడుకుంటే పోయి, కూర్చుంటే వచ్చేదాన్ని మా కాలంలో నొప్పి అనేవాళ్లు కాదే, బద్ధకం అనేవాళ్లు."

నవ్వుతూనే అంది. కూతురు మాత్రం నవ్వలేదు. కన్నీళ్లు పక్కలకి జారి చెవుల్లోకి పోయాయి. ఆమె కారు డ్రైవింగ్ నేర్పుతుంది. స్టీరింగ్ పట్టుకోవడం రానివాళ్ల పక్కన రోజంతా కూర్చున్నా ఏనాడూ బెదరలేదు, ఎందుకంటే తన కాలి కింద కూడా ఒక బ్రేకుండేది. ఇప్పుడు అదేదీ లేదు. లోపల ఏం పాడైందో, ఇక జన్మంతా ఇలా పైకప్పు చూస్తూ ఉండిపోవాలేమో, పిల్లని ఎత్తుకోవడం కూడా ఇంకొకళ్ల చేతుల్లోనేనా అన్న భయం ఆమెను తినేస్తోంది.

టైలరమ్మ చేయని వైద్యం లేదు. తలకి గుడ్డ బిగించింది, అమృతాంజనం పూసింది, వేడి కాఫీ పట్టించింది. నిద్ర లేకపోవడం వల్ల అంది, ఫోను చూడటం వల్ల అంది, ఆఖరికి కళ్లజోడు పవరు మారిందేమో అంది. అన్నీ అంది గానీ ఒక్కమాట మాత్రం అనలేదు. ఆ మాట అల్లుడన్నాడు.

అతను లిఫ్టులు రిపేరు చేసే మెకానిక్. డ్యూటీకి బయల్దేరుతూ భార్య గదిలోకి తొంగిచూసి, అక్కడే ఆగిపోయాడు. "అత్తయ్యా, ఇది మామూలు తలనొప్పిలా లేదు. వెన్నులో ఇచ్చారే ఆ ఇంజెక్షన్, దానివల్లేమో."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆవిడ గయ్యిమంది. "ఏ ఇంజెక్షన్? లోకంలో ఎంతమంది చేయించుకోవట్లేదు! అందరూ తలలు పట్టుకు కూర్చున్నారా? పాపం సుఖంగా కన్నది, అది కూడా తప్పేనా?"

ఆవిడ ఉడుకుమోత్తనానికి కారణం ఉంది. పురిటినొప్పులు తెలియకుండా వెన్నులో ఇచ్చే ఎపిడ్యూరల్ అనే ఆ ఇంజెక్షన్ కోసం పట్టుబట్టింది ఆవిడే. "వెన్నుపూస కదమ్మా, భయమేస్తోంది" అని కూతురు ఊగిసలాడుతుంటే, "నిన్ను కనడానికి నేను పడ్డ నరకం చాలు, నా కూతురు పడక్కర్లేదు" అని తేల్చేసింది. మత్తు డాక్టరమ్మ ముందే అన్నీ చెప్పింది. కాళ్లు మొద్దుబారొచ్చు, బీపీ పడిపోవచ్చు, ఒళ్లు దురద పెట్టొచ్చు, వణుకు రావొచ్చు, ఎప్పుడో ఒకరికి తలనొప్పి రావొచ్చు. మొదటిసారి గుచ్చిన సూది సరిగ్గా కుదరక, తీసి మళ్లీ వేసింది. కాసేపటికి కూతురు నొప్పుల మధ్యలో కునుకు కూడా తీసింది. టైలరమ్మ వరండాలో కనిపించినవాళ్లందరికీ ఆ సంగతి చెప్పి మురిసిపోయింది. అదంతా ఇప్పుడు గొంతులో ముల్లయి కూర్చుంది.

అల్లుడు ఇంకేదో అనబోతుండగా పాప కెవ్వుమంది. కూతురి మోచేతి పక్కనే ఉంది, ఇల్లు ఎగిరిపోయేలా ఏడుస్తోంది. కూతురు కళ్లు తెరిచి, మెల్లగా అడిగింది.

"ఎవరింట్లో అమ్మా, ఆ ఏడుపు?"

"నీ పాపే" అన్నాడు భర్త, పాప మీద చేయి వేసి.

"చెవులు దిబ్బళ్లు పడ్డట్టున్నాయి. ఎక్కడో దూరంగా వినిపిస్తోంది."

"ఇక లాభం లేదు, పదండి ఆసుపత్రికి" అని అతను కారు తాళాలు అందుకున్నాడు. టైలరమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "మళ్లీ సూదులా? పచ్చి బాలింతను తిప్పుతారా? ఒక్కరోజు చూద్దాం బాబూ. నేనేమైనా దానికి శత్రువునా?"

ఏనాడూ అత్తగారి ముందు గొంతు పెంచని మనిషి ఆ రోజు అరిచాడు. "అత్తయ్యా! లిఫ్టు మధ్యలో ఆగిపోతే మేం ముందు లోపల ఇరుక్కున్నవాళ్లు చెప్పేది వింటాం. ఈ ఇంట్లో మూడు రోజుల్నుంచీ లోపలున్న మనిషి మాట ఎవరూ వినట్లేదు!"

కూతురు పడుకునే తల్లి వైపు చేయి చాచింది. "నొప్పంటే నమ్మవేంటమ్మా? నేనెప్పుడైనా నీకు అబద్ధం చెప్పానా?"

టైలరమ్మ తట్టుకోలేకపోయింది. గుమ్మంలోనే కూలబడింది. "నమ్మితే నావల్లే అని ఒప్పుకోవాలి కదే! నేనే కదా చేయించింది. ఇంటికి పంపేటప్పుడు నర్సు చెప్పింది, కూర్చుంటే తలనొప్పొచ్చి పడుకుంటే తగ్గితే వెంటనే తీసుకురండీ అని. నువ్వు పాపని చూసుకుంటున్నావు, నాతో చెప్పింది. నువ్వు తల పట్టుకున్న మొదటిరోజే నాకు గుర్తొచ్చింది. కాదులే, కాదులే అనుకుంటూ వచ్చాను."

కూతురికి కోపమొచ్చింది, బాగా వచ్చింది. ఆ కోపాన్ని మోసే ఓపిక లేదంతే. "పాపని ఎత్తుకోమ్మా. ముందు వెళ్దాం పద" అంది.

ఆసుపత్రిలో మత్తు డాక్టరమ్మ జ్వరం చూసింది, బీపీ చూసింది, కాళ్లు కదిలించమంది, కళ్లలోకి లైటు వేసింది. తర్వాత స్టూలు లాక్కుని కూర్చుంది. "వెన్నుపాము చుట్టూ నీరుంటుంది, దాని చుట్టూ పొర ఉంటుంది. సూది ఆ పొరకి తగిలితే చిన్న రంధ్రం పడి నీరు కారుతుంది. అందుకే కూర్చుంటే తలనొప్పి. చెవుల సంగతీ అంతే. నూటికి ఒకరికి అలా అవుతుంది. కొందరికి దానంతటదే తగ్గుతుంది గానీ, ఇంతగా ఉన్నప్పుడు వదిలేయకూడదు. నీ చేతిలోంచే కాస్త రక్తం తీసి వెన్నులో ఆ చోట ఎక్కిస్తాను. అది గడ్డకట్టి రంధ్రాన్ని మూస్తుంది."

"మాసిక వేస్తారన్నమాట" అంది టైలరమ్మ ఏడుపు గొంతుతోనే.

"అంతే. చాలామందికి ఒక్కసారికే తగ్గుతుంది. తగ్గకపోతే మళ్లీ వేస్తాం."

"తప్పు నాదేనమ్మా. వద్దన్నదాన్ని నేనే ఒప్పించాను."

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "సూది వేసింది నేను. జాగ్రత్తగానే వేశాను, అయినా తగిలింది. అది మీ తప్పు కాదు. తెలిసి కూడా తీసుకురాకపోవడం మాత్రం..." అని ఆగి, మిగతాది మింగేసింది.

రక్తం ఎక్కించాక కదలకుండా పడుకోమన్నారు. టైలరమ్మ పాపని ఒళ్లో పెట్టుకుని బయట బెంచీ మీద కూర్చుంది. అల్లుడు టీ తెచ్చిచ్చాడు.

మధ్యాహ్నం నర్సు పిలిచింది. కూతురు ఒక మోచేతి మీద భయంభయంగా లేచింది. ఆగింది. ఇంకొంచెం లేచింది. కాళ్లు మంచం కిందకి వేలాడేసి, నిటారుగా కూర్చుని, నొప్పి కోసం ఎదురుచూసింది. నొప్పి రాలేదు.

టైలరమ్మ ఇక ఆపుకోలేక భోరుమంది. "నేనే ఆ ఇంజెక్షన్ వద్దనుంటే..."

"ఆపమ్మా" అంది కూతురు. "నువ్వు చెప్పావని వేయించుకోలేదు. నొప్పి భరించలేక నేనే అడిగాను, నేనే సంతకం పెట్టాను. రేపు మళ్లీ పురుడొచ్చినా అడుగుతానేమో. అది నా నిర్ణయం, దాన్నీ నువ్వే లాక్కోకు. నాకు కోపం దానికి కాదు. మూడు రోజులు నా మాట వినలేదు చూడు, దానికి."

టైలరమ్మ చెంగుతో మొహం తుడుచుకుంది. పాపని అల్లుడికి అందించి, మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది.

"ఎలా ఉండేదే నొప్పి? చెప్పు."

"ఇప్పుడెందుకమ్మా, పోయిందిగా."

"పోయినా సరే. ఇప్పుడు వింటాను."

కూతురు మొదటి రోజు నుంచీ చెప్పడం మొదలుపెట్టింది. తల్లి కళ్లు తుడుచుకుంటూనే ఉంది గానీ, మధ్యలో ఒక్కసారి కూడా అడ్డం రాలేదు.