మిరప పొగ

మిరపకాయల టిక్కీ బస్తాలకు కుట్లు వేస్తూ వేస్తూ నన్నే సాహెబ్ కల్లంలోనే ఒక పక్కకి ఒరిగిపోయాడు. చిలకలూరిపేట దాటించి గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రికి చేర్చేసరికి ఒళ్ళు చల్లబడింది. మూసుకుపోయిన రక్తనాళం తెరిచారు గాని, గుండెకు రక్తాన్ని తోసే సత్తువ రాలేదు. బీపీ నిలవలేదు. గుండె చేయాల్సిన పని మిషన్‌కు అప్పజెప్పారు.

సాయంత్రం భార్య జోహరాబీని లోపలికి రానిచ్చారు. స్పిరిట్ వాసన. ఆగని సన్నటి రొద. మొగుడి తొడ దగ్గర రెండు గొట్టాలు. ఒకదాంట్లో నల్లటి రక్తం బయటికి పోతోంది, ఇంకోదాంట్లో ఎర్రగా తిరిగొస్తోంది. ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. వెచ్చగానే ఉంది.

నాడి లేదు.

కంగారు పడొద్దని నర్సు లిడియా నచ్చజెప్పింది. గుండె అలిసిపోయిందట. కోలుకునేదాకా మిషనే రక్తాన్ని తిప్పుతుందట. కొట్టుకోకుండా ఒకే తీరున పారుతుంది కాబట్టి నాడి అందదట.

"అయితే ఈయన ఇప్పుడు ఎక్కడున్నట్టమ్మా?"

లిడియా దుప్పటి సర్దింది.

కొన్నాళ్ళకు గుండె దానంతటది కొట్టుకుంది. గొట్టాలు తీసేశారు. మనిషి ఇల్లు చేరాడు.

తిన్నాడు. పిలిస్తే పలికాడు. కానీ చెంబు ఎడం చేత్తో అందుకున్నాడు. టీలో చక్కెర వద్దన్నాడు. ముందూ ఇంతేనా? జోహరాబీకి ఈమధ్య మతిమరుపు. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతోంది. ఆయన మారాడో, తానే మరిచిందో తేలక లోలోపల నలిగిపోయింది. కూతురు నగ్మాకి ఫోన్ చేస్తే, నీకే మతి పోతోందని నవ్వేసింది.

నజరు తగిలిందేమో, దిష్టి తీద్దామనుకుంది. పొద్దు గుంకాక తలుపులు మూసి, ఎండుమిరపకాయలు ఆయన చుట్టూ తిప్పి బొగ్గుల మీద వేసింది. ఇల్లంతా ఘాటు. పక్కింటివాళ్ళు దగ్గుతూ తిట్టుకున్నారు. ఆమెకు కళ్ళ వెంట ధార. ఎప్పుడైనా ముందు దగ్గేది ఆయనే. ఏళ్ళ తరబడి మిరప ధూళి తిన్న రొమ్ము... బొంగురుగా, ఆగి ఆగి, చివర్లో ఈలలా. తన పేరు మరిచినా ఆ దగ్గు మాత్రం మరవదు.

ఆయన దగ్గలేదు.

కన్ను చెమర్చలేదు. పొగ ఆయన వైపే వంగింది... నోట్లోకి పోయింది... బయటికి రాలేదు.

"ఏవయ్యా..." కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఘాటు తగల్లేదా?"

ఆయన తలుపు వైపు చూశాడు.

అప్పుడు వినిపించింది. వీధి తలుపు అవతల. బొంగురుగా... ఆగి ఆగి... చివర్లో ఈల.

ఆ దగ్గే.

ఆమె గోడ పట్టుకుని లేచింది. గడియ మీద చెయ్యి వేసింది. అడుగుల చప్పుడు లేకుండా ఆయన పక్కకొచ్చి నిలబడ్డాడు.

"తియ్యకు జోహరా," అన్నాడు మెల్లగా. "గుంటూరు నుంచి నడిచొచ్చాడు. అలిసిపోతే వాడే పోతాడు."