మూడు రాళ్ళ పొయ్యి

అమెరికాలోని ఆష్‌బర్న్‌లో కొత్తిల్లు కొన్నారు. పాలు పొంగించడానికి వంటింట్లో ఎలక్ట్రిక్ స్టవ్ పనికిరాదని, పెరట్లో కట్టెల పొయ్యి కావాలని పట్టుబట్టింది భవిత. ఆ ముచ్చట కాదనలేక ఇంటి వెనక చెట్లలో నేలకు పాతుకుని ఉన్న మూడు రాళ్ళు పెకలించి తెచ్చాడు భర్త శేషగిరి. ఒకటి మరీ చిన్నది, కొబ్బరికాయంత. పాలు బ్రహ్మాండంగా పొంగాయి. వచ్చినవాళ్ళంతా వీడియోలు తీసుకున్నారు.

ఆ రోజునుంచే వాళ్ళ నాలుగు నెలల కొడుకు ఆరుష్ పాలు ముట్టడం మానేశాడు. సీసా పెట్టినా మొహం తిప్పేసుకున్నాడు. రెండో రోజుకే వాడిపోయాడు. కారణం డాక్టరుకీ అంతు చిక్కలేదు. తెల్లారేసరికి తాగకపోతే హాస్పిటల్లో చేర్చమన్నాడు.

ఆ సాయంత్రమే చెట్లలో ఒక నల్లజాతి ముసలావిడ వంగి వంగి నేలంతా వెతుకుతూ కనిపించింది.

"ఎవరో ఏమో, పోలీస్‌కి కాల్ చేస్తా," అన్నాడు శేషగిరి. తెల్లావిడ అయితే నవ్వి హలో చెప్పేవాడే. భవితా వద్దనలేదు.

పోలీసులు వచ్చి, ఇంకెప్పుడూ ఇటు రావద్దని ఆవిణ్ణి పంపేశారు. వెళ్తూ వెళ్తూ ఆవిడ కంచె దగ్గర ఆగి, మసిబారిన రాళ్ళు చూసింది.

"అవి మావాళ్ళ సమాధి రాళ్ళమ్మా," అంది భవితతో, మెల్లగా. "ఇక్కడ బానిసలుగా బతికినవాళ్ళవి. ఆ చిన్నది పసిబిడ్డది. తల్లి పాలన్నీ దొరగారి పిల్లలకే పట్టించారు. తన బిడ్డ ఆకలితో పోయింది. ఎక్కడివక్కడ పెట్టెయ్యండి."

శేషగిరి హాస్పిటల్‌కి బట్టలు సర్దుతున్నాడు. ఉయ్యాల దగ్గరి కెమెరాని ఫోన్‌లో ఆన్ చేసుకుని, రాళ్ళు ఒక్కొక్కటే చెట్లలోకి చేరవేసింది భవిత.

చీకటి పడుతోంది. కుళ్ళిన ఆకుల వాసన. పెద్ద రాళ్ళు రెండూ వాటి గుంటల్లో కుదురుకున్నాయి. చిన్నదాని గుంట మాత్రం... లేదు. ఎంత వెతికినా లేదు. ఆ చోటు తెలిసిన మనిషిని తామే తరిమేశారు. పేరైనా అడగలేదు.

అప్పుడు వినిపించింది.

పసిబిడ్డ ఏడుపు. కాళ్ళ కింద నుంచి...

ఆ ఏడుపుకి భవిత చొక్కా పాలతో తడిసిపోయింది.

ఫోన్‌లోనూ ఏదో చప్పుడు. గుటకలు. గబగబా, ఆబగా... పక్కనే ఎవరిదో అలసిన ఊపిరి.

చిన్న రాయి అక్కడే వదిలేసి ఇంట్లోకి పరుగెత్తింది. ఉయ్యాల్లో ఆరుష్ ఒక్కడే ఉన్నాడు. కడుపు నిండి నిద్రపోతున్నాడు. పెదాల చివర పాలు.

ఇప్పుడు ఆరుష్ బొద్దుగా ఉన్నాడు. డాక్టరు మెచ్చుకుంటాడు. భవిత దగ్గర మాత్రం ఇంతవరకూ ఒక్క చుక్క తాగలేదు.

వాడి గదిలో గుటకలు వినబడినంతసేపూ, చెట్లలో ఆ బిడ్డ ఏడుస్తూనే ఉంటుంది.