జేబులో కార్డు

కబుర్లు చెబుతూ పని చెయ్యడం నాకున్న జబ్బు. చేతిలో స్క్రూడ్రైవర్ ఉంటే నోరు ఊరుకోదు.

నా రిపేరు షాపు ఓ పాత భవనం నేలమాళిగలో ఉంటుంది. కిటికీలు లేవు. మెట్ల మీంచి జారే వెలుతురే గతి. ముసురు పట్టిన ఆ సాయంత్రం మా అక్క కూతురు లాప్‌టాప్ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. సెకండ్‌హ్యాండ్ సరుకు, లోపల విండోస్ బదులు లైనక్స్. వైఫై కార్డు ఉన్నట్టే చూపించడం లేదట. ఆరింటికి దాంట్లోనే ఉద్యోగం ఇంటర్వ్యూ. ఇది తప్పితే మళ్ళీ పిలవరు. ఫోనా, మాటలకు తప్ప దేనికీ పనికిరాని డొక్కుది.

"అవుతుందా మామయ్యా?"

"మీ నాన్ననే దారిలో పెట్టినవాణ్ణి. ఇదెంత?"

వెనక మూత విప్పి, బొటనవేలంత కార్డు బయటికి తీసి, దాని అంచుని రబ్బరుతో రుద్దాను. మా పనిలో సగం రోగాలు ఆ రుద్దుడుకే పోతాయి. వాళ్ళ నాన్న పెళ్ళిచూపుల్లో తడబడిన కథ చెబుతూ చెబుతూ మూత బిగించేశాను. డ్రైవరు, అంటే కార్డుకీ యంత్రానికీ మధ్య దుబాసీ లాంటిది, కొత్తగా ఎక్కించాను. అలవాటు కొద్దీ పింగ్ కొట్టాను. నెట్‌లో అవతలివాళ్ళని ఓ కేక వెయ్యడమన్నమాట. వాళ్ళు ఎంత దగ్గరుంటే జవాబు అంత తొందరగా వస్తుంది.

జవాబు వచ్చింది.

"హమ్మయ్య" అంది అమ్మడు.

కళ్ళజోడు కోసం చొక్కా జేబులో చెయ్యి పెట్టాను. వేళ్ళకి, లోపల పెట్టడం మరిచిన కార్డు తగిలింది.

నా నోరు మూతపడింది. అది చూసే అమ్మడికి భయం వేసినట్టుంది.

"ఏంటి మామయ్యా?"

కార్డు తీసి చూపించాను. తెర మీద జవాబులు వస్తూనే ఉన్నాయి. జవాబుకి ఎంతసేపు పట్టిందో చెప్పే అంకె తగ్గుతోంది... ఇంకా తగ్గుతోంది. ఒక్కో జవాబుకీ వెనక గోడలోంచి టక్... టక్... ఆ గోడ అవతల మట్టి తప్ప ఏమీ లేదు. కాలిన వెంట్రుకల కంపు.

ఆపే మీటలు నొక్కాను. ఆగలేదు.

"ఇంటర్వ్యూ అయ్యేదాకా ఉంచు మామయ్యా..." గుసగుసగా బతిమాలింది. పిచ్చిపిల్ల.

అంకె సున్నా అయింది. స్పీకర్లోంచి నా చెవి పక్కనే అన్నట్టు, పళ్ళు కొరుకుతూ ఓ గొంతు.

"ఎందుకు పిలిచావ్?"

బ్యాటరీ ఊడబెరికాను. తెర ఆరింది. టక్ టక్ ఆగలేదు. అమ్మడి చెయ్యి పట్టుకుని మెట్లెక్కాను. షట్టరు దించి తాళం వేశాను. లాప్‌టాప్ లోపలే.

వానలో చూరు కింద నిలబడ్డాం. అమ్మడికి ఏడుపు ఆగలేదు. ఆరు ఎప్పుడో దాటిపోయింది. మరో రోజు ఇస్తారేమో అడగమన్నాను. ఫోను చేసి, నాకూ వినపడాలని స్పీకర్ నొక్కింది.

"సారీ మేడమ్, నేను రాలేకపోయాను..."

"అదేంటమ్మా?" అవతల మేడమ్ నవ్వింది. "ఇప్పుడేగా అయింది. చక్కగా మాట్లాడావు. సోమవారం వచ్చి చేరు."

అమ్మడు నా వంక చూసింది. బ్యాటరీ ఇంకా నా చేతిలోనే ఉంది.

"అడగకూడదనుకున్నాను గానీ..." మేడమ్ గొంతు తగ్గించింది. "ఇందాకంతా నీ వెనక, చేతిలో బ్యాటరీ లాంటిదేదో పట్టుకుని నేల మీద పడున్న పెద్దాయన... లేచారా?"