పొగగొట్టం పల్లంలో కేక

రండర్రా, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఇషా, ఆ ఫోన్ పక్కన పెట్టమ్మా. వెనకవాళ్ళు కూడా ముందుకు రండి... ఇది గట్టిగా చెప్పే కథ కాదు.

ఈ అమెరికాలో మన ఊరు అల్ఫారెట్టా నుంచి ఉత్తరంగా డ్రైవ్ చేసుకుంటూ పోతే ఒక అడవి వస్తుంది. అందులో ఒక పల్లం. పల్లంలో ఇల్లు లేదు గానీ, ఇంటి పొగగొట్టం ఉంది — రాళ్ళతో కట్టింది, మొండిగా, ఒంటరిగా. ఎప్పుడో ఈ దేశంలో యుద్ధం జరిగినప్పుడు, దెబ్బలు తిన్న సిపాయిల్ని ఆ ఇంట్లో పడుకోబెట్టి, మళ్ళీ వచ్చి తీసుకెళ్తాం, కదలకండి అని చెప్పి వెళ్ళారట. ఎవరూ రాలేదు. ఇల్లు కూడా కాలిపోయింది. పొద్దు వాలాక వేటకుక్కలు సైతం ఆ పల్లంలోకి దిగవని చెప్పుకుంటారు.

అలాంటి చోట మన దేదీప్యకు ఏం జరిగిందో, ఆ అమ్మాయి నాకు చెప్పినట్టే చెబుతాను.

దేదీప్య భర్త శ్రేయాస్ సాఫ్ట్‌వేర్ మనిషి. ఈమధ్య ఒక సరదాలో పడ్డాడు. వీకెండ్ వస్తే కొందరు చేరి ఎప్పటెప్పటి రాజుల కాలం నాటి బట్టలు కుట్టుకుని, ఇనుప చొక్కాలు తొడుక్కుని, అడవిలో డేరాలు వేసుకుని, బెత్తం కర్రలే కత్తులుగా యుద్ధాలు ఆడతారు. మనవాడు కాకతీయుల బంటు వేషం కట్టాడు. ఫ్రెండ్స్ ఊరుకుంటారా? "ఆఫీస్‌లో మేనేజర్‌తో యుద్ధం చాల్లేదా బావా?" అని ఏడిపించేవాళ్ళు.

వాళ్ళ ఆటకో నియమం ఉంది. దెబ్బ తగిలిందని ఎదుటివాడు చెప్పడు, తగిలినవాడే ఒప్పుకుని పడిపోవాలి. ఆట పెద్ద "పడినవాళ్ళందరూ లేవండి" అని కేక వేసేదాకా లేవకూడదు, పలకకూడదు. ఆ కేక వినబడితే మాత్రం ఎక్కడున్నా లేచి రావలసిందే.

శ్రేయాస్‌కి చిన్నప్పటి నుంచీ షుగర్. అది ఎంతుందో చూసుకోవడానికి చేతికి సెన్సర్, ఫోన్‌లో నెంబరు. మందులూ మాకులూ దగ్గర ఉంచుకోవచ్చని వాళ్ళు చెప్పారు కూడా. కానీ కొత్త కదా, భక్తి ఎక్కువ. ఆ కాలంలో లేని వస్తువు ఒంటి మీద ఉండకూడదని ఒక వారం ఫోన్ డేరాలో వదిలేసి, ఆ పల్లం ఉన్న అడవిలోకే వెళ్ళాడు.

ఆట ముగిసింది. అందరూ వచ్చి భోజనాల బల్లల దగ్గర చేరుతున్నారు. చీకటి పడుతోంది. శ్రేయాస్ రాలేదు.

అతనితో పాటు క్యాంప్‌కి వచ్చిన దేదీప్య డేరాలోకి వెళ్ళి అతని ఫోన్ చూసింది. చివరిసారి వచ్చిన నెంబరు బాగా కిందికి దిగిపోయి ఉంది... ఆ తర్వాత ఏమీ లేదు.

బల్ల మీది తేనె సీసా అందుకుని, పక్కనున్నావిడకు ఒక్క ముక్క చెప్పి, పరుగెత్తింది.

ముళ్ళకంపలు గీరుకుంటున్నాయి. పేరు పెట్టి పిలుస్తోంది... అడవి పలకడం లేదు. ఎంత తిరిగిందో తనకే తెలియదు. చివరికి ఫోన్ లైటులో రాళ్ళు కనిపించాయి — పొగగొట్టం. దాని మొదట్లో శ్రేయాస్, బోర్లా పడి.

తిప్పింది. ఒళ్ళంతా చెమట, చల్లగా. చెంప లోపల తేనె రాసింది. మింగలేదు, కళ్ళు తెరవలేదు. ఫోన్‌కి సిగ్నల్ లేదు. ఇనుప చొక్కాతో ఉన్న మనిషిని లాగితే జానెడు కూడా కదల్లేదు.

"శ్రేయాస్... నాకోసం లే రా... ప్లీజ్..."

హెల్ప్, హెల్ప్ అని గొంతు చిరిగేలా అరిచింది. ఎవరూ రాలేదు. అప్పుడు ఆ కేక గుర్తొచ్చింది. ఇంకేం ఆలోచిస్తుంది? నిలబడి, వాళ్ళ ఇంగ్లీషులోనే, ఉన్న ఊపిరంతా పోసి కేక వేసింది —

"పడినవాళ్ళందరూ లేవండి!"

ఒక్క క్షణం... కీచురాళ్ళు కూడా ఆగిపోయాయి.

తర్వాత ఆకుల మీద అడుగుల చప్పుడు. అన్ని వైపుల నుంచీ.

మనుషులు వచ్చారు. మొహాలు కనబడలేదు. మాట లేదు, పలుకు లేదు. శ్రేయాస్ కిందికి చేతులు పోనిచ్చి లేపారు. ఒకరి చెయ్యి తగిలితే ఏటి రాయిలా చల్లగా ఉంది. ఆమెకు అదేం పట్టింది? ఏడుస్తూ వెంట నడిచింది. పక్కన నడుస్తున్నాయన, గొంతు ఎండిపోయినట్టు, గుసగుసగా అడిగాడు:

"అయిపోయిందా, అమ్మా?"

ఆట గురించి అడుగుతున్నాడనుకుని, అయిపోయిందండీ, అంది.

పల్లం అంచున శ్రేయాస్‌ను మెల్లగా దించారు. మన ఇళ్ళల్లో అలవాటే కదా, సాయం వచ్చినవాళ్ళను ఊరికే పంపం. "క్యాంప్‌లో భోజనాలు పెట్టారు, మీరూ వెళ్ళి తినండి" అంది దేదీప్య.

అంతలో ఎదురుగా లాంతర్లు. ఆట పెద్ద వాల్టర్, ఆయన వెనక క్యాంపంతా. వాళ్ళలోనే ఉన్న నర్సమ్మ ఇంజెక్షన్ ఇచ్చింది. కాసేపటికి శ్రేయాస్ కళ్ళు తెరిచి, పిచ్చిచూపు చూసి, "దీపూ" అన్నాడు. ఆ ఒక్క పిలుపుతో దేదీప్య అతని తల ఒళ్ళోకి తీసుకుని ఏడ్చేసింది.

తేరుకున్నాక, మోసుకొచ్చినవాళ్ళకు థ్యాంక్స్ చెప్పాలి, వాళ్ళేరీ అని అడిగింది. వాల్టర్ వెనక్కి తిరిగి తనవాళ్ళను చూశాడు. మేమంతా వాగు అవతల వెతుకుతున్నాం, నీ కేక విని ఇప్పుడే వస్తున్నాం, పల్లంలోకి మాలో ఎవరూ దిగలేదు, అన్నాడు.

శ్రేయాస్‌ను నడిపించుకుంటూ క్యాంప్‌కి చేరారు. కాపలాకు కూడా ఎవరినీ ఉంచకుండా వచ్చారు కదా, బల్లల మీద వడ్డించిన రొట్టె వడ్డించినట్టే ఉంది, మాంసం ముట్టినవాళ్ళు లేరు...

నీళ్ళ కూజాలు మాత్రం, ఈ చివర నుంచి ఆ చివర దాకా, చుక్క లేకుండా ఖాళీ అయిపోయి ఉన్నాయి.

అదర్రా సంగతి. ఇక పదండి, మీ అమ్మలు ఎదురుచూస్తుంటారు. ఇళ్ళకు పోయి, చేతులు కడుక్కుని, వేడివేడిగా అన్నం తినండి.