పదివేల ఒకటి పంచాయితీ

లంచ్ బెల్ మోగింది. అయినా ఆరో తరగతిలో ఒక్కరూ కదల్లేదు. గోడ మీది చార్టుల ముందు హారతి, సంజన కొట్లాడుకుంటుంటే అన్నం ఎవరికి గుర్తొస్తుంది?

లెక్కల దమయంతి టీచర్ తలా ఒక సంఖ్య ఇచ్చి, దాని సంగతులన్నీ చార్టు మీద రాయమన్నారు. రేపు అమ్మానాన్నలు చూడటానికి వస్తారు.

హారతికి వచ్చింది 10001. ముందు నుంచి చదివినా, వెనక నుంచి చదివినా అదే! "ఇది ప్రధాన సంఖ్య. ఒకటితో, తనతో తప్ప దేనితోనూ భాగం పోదు" అని ఎర్ర స్కెచ్‌తో రాసింది.

సంజనది 137. ఆమె చార్టు చివర చిన్నగా "137 × 73 = 10001" అని ఉంది.

"ఏందే ఇది? నాది ప్రైమ్. నీదే తప్పు, కొట్టెయ్!"

"నేను రెండుసార్లు చేశానే..."

"నేను ముప్పై ఒకటి దాకా భాగించి చూసిన. దేంతోని పోలే. ఇంకేం పోతది?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు! క్లాస్ ఫస్ట్ అమ్మాయి అంత గట్టిగా అంటే సంజన ఏమంటుంది, పాపం? కళ్ళు తుడుచుకుని ఆ లైను మీద నల్లగా గీత కొట్టేసింది.

సాయంత్రం అశోక్‌నగర్ ఇంటికి వెళ్తూ అమ్మ రచన చిక్కడపల్లిలో మిర్చి బజ్జీలు కొనిపెట్టింది. హారతికి కారం కూడా తెలియలేదు. సంజన ఏడుపు మొహమే గుర్తొస్తోంది. బజ్జీల కాగితం మీద నూనె అంటని చోటు వెతికి, 137ని 73తో గుణించింది.

10001.

అమ్మో! మళ్ళీ చేసింది. మళ్ళీ అదే. మధ్యాహ్నం సంజనతో జరిగిన గొడవంతా అమ్మకు చెప్పింది.

"మమ్మీ, ఆమెది కరెక్టే. కానీ నేను గూడ తప్పు చెయ్యలే! గట్లెట్లయితది?"

"ఎందాక చూసినవ్?"

"ముప్పై ఒకటి. తర్వాత బోర్ కొట్టింది."

"మరి టీచర్ ఎందాక చూడమన్నరు?"

హారతి బజ్జీ నములుతూ ఆగిపోయింది. వంద దాకా చూడమన్నారు. వంద వందలు పదివేలు కదా, పోయేదుంటే వందలోపే ఒకటి దొరుకుతుందని కూడా చెప్పారు.

"డెబ్బై మూడు ఆడనే ఉంది మమ్మీ. నేనే మధ్యల ఆగిన" అంది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

మర్నాడు అందరికంటే ముందు బడికి వచ్చింది. సంజన చార్టులో గీత మీద తెల్ల కాగితం అంటించి, ఆమె రాగానే స్కెచ్ చేతికిచ్చింది.

"నువ్వే రాయ్. సారీనే."

తన చార్టులో "ప్రధాన సంఖ్య" మీద మాత్రం నల్లగా గీత కొట్టి, అట్లాగే వదిలేసింది. కింద "73తో పోతుంది. కనిపెట్టింది సంజన" అని రాసింది.

దమయంతి టీచర్ వచ్చి రెండు చార్టులూ చూశారు.

"అయితే హారతీ, 137 ప్రైమేనా?"

క్లాసంతా హారతి వైపే చూసింది. "అవును" అనబోయి నోరు మూసుకుంది.

"తెల్వది టీచర్. జర ఆగండి, చూసి చెప్తా."

హారతి సంజన పక్కకు జరిగి కూర్చుని, రెండు నుంచి మొదలుపెట్టి 137ని భాగించసాగింది.