ఎడమకి తిప్పమనే గొంతు

మాందా దీవికీ పెద్దనేలకీ మధ్యనున్న మకందా జలసంధికి పగలు ఏ చెడ్డపేరూ లేదు. పడవలు వస్తాయి, పోతాయి, మడ చెట్ల వేళ్ళలో పీతలు పట్టేవాళ్ళు పాటలు పాడుకుంటారు. చీకటి పడ్డాక మాత్రం దాని నడిమధ్యనున్న మేట దగ్గరికి మా లాము దీవి సరంగు ఎవడూ పోడు. అక్కడొక గొంతు ఉందంటారు. చెట్లలోంచి పిలుస్తుందట... "ఎడమకి... ఎడమకి తిప్పు..."

ఆ గొంతు విన్న పడవలన్నీ బురదలో కూరుకుపోయినవే. చెప్పినట్టు తిప్పి కూరుకుపోయాయా, తిప్పక కూరుకుపోయాయా అని మాత్రం ఎవరూ అడగలేదు.

ఆ గొంతు త్వాహా అనే పడవవాడి నాన్నది. కోంబో అని, గడ వేసేవాడు. త్వాహా పాలు తాగే రోజుల్లో మేట దగ్గర నీళ్ళలో పడి చనిపోయాడంటారు. ఆ రోజు అతనెక్కిన పడవకి సరంగు ఫమావు. ఆయనే త్వాహాని తెచ్చి పెంచాడు, చుక్కాని చేతికిచ్చాడు, చివరికి కూతురు జైతూనినిచ్చి పెళ్ళీ చేశాడు. రేవులో అందరికీ చెప్పిన మాటే చిన్నప్పటి నుంచీ త్వాహాకీ నూరిపోశాడు.

"మీ నాన్న జిన్నయిపోయాడ్రా. తోడుకోసం పిలుస్తాడు. ఎడమంటే నువ్వు కుడికి తిప్పు."

దక్షిణం నుంచి వీచే కూసి గాలి ఊళవేస్తున్న ఒక రాత్రి, లాముకి ఈ సంధి అవతలున్న పాతే దీవిలో జైతూనికి నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగిందనీ, తెల్లారేలోగా లాము ఆసుపత్రికి చేర్చకపోతే ఇద్దరూ దక్కరనీ మంత్రసాని చెప్పేసింది. బయటి సముద్రంలో అలలు కొబ్బరిచెట్టంత లేస్తున్నాయి.

"మకందాలోంచి పోదాం పద," అన్నాడు ఫమావు.

త్వాహా నమ్మలేకపోయాడు. "రాత్రిపూటా? నువ్వేనా మామా ఈ మాట అంటున్నది?"

"మామా అల్లుళ్ళు తీరిగ్గా మాట్లాడుకోండి," అంది జైతూని పళ్ళు బిగబట్టి. "నేనీ ఒడ్డునే కనేసి బిడ్డకి ఇసుక అని పేరు పెట్టుకుంటా."

ఇక మాట్లాడలేదు. ఆమెను పడవ నడుమ చాప మీద పడుకోబెట్టారు. త్వాహా వెనక చుక్కాని దగ్గర, ఫమావు ముందు గడ పట్టుకుని. పడవలో ఉన్నది ఆ ముగ్గురే.

పోటు ఆ సంధిలోకి రెండు నోళ్ళ నుంచీ వస్తుంది. నడిమధ్యన ఎదురెదురుగా తగిలి ఆగిపోయి, మోసుకొచ్చిన ఒండ్రంతా అక్కడే దించేస్తుంది. మేట పుట్టింది అలాగే. పోటు మీద అక్కడిదాకా రావాలి. నీళ్ళు నిలబడిన ఆ కాసేపట్లో పక్కనున్న లోతు దొరకబుచ్చుకోవాలి. ఆ తర్వాత వెనక్కి తీసే నీరు, పాటు, అదే మోసుకెళ్ళి లాములో దింపుతుంది. లోతు దొరకలేదా... మళ్ళీ పోటు వచ్చేదాకా బురదలో కూర్చోవడమే. జైతూనికి అంత వ్యవధి లేదు.

తెరచాప దించేశారు. రెండు పక్కలా మడ అడవి. దీపం వెలుగు గడ పొడవు దాటడం లేదు.

"రెండు బారలు..." ఫమావు లోతు చెబుతున్నాడు. "ఒకటిన్నర... ఒకటి..."

అప్పుడు వినిపించింది.

"ఎడమకి..."

సన్నగా, నీళ్ళ మీదుగా.

"ఎడమకి తిప్పు..."

నాన్న గొంతు వినడం త్వాహాకి అదే మొదటిసారి. కళ్ళు గట్టిగా మూసుకుని, నేర్పిన ప్రకారం కుడికి తిప్పాడు. పడవ అడుగు బురదని రాసుకుంది... బరబరమని.

"ఎడమకి తిప్పరా!" అరిచాడు ఫమావు.

"అది జిన్ను మామా! దాని మాట వింటే చస్తామని నువ్వే కదా..."

"తిప్పమన్నానా! నా కూతురుంది పడవలో!"

ఒక్క క్షణం త్వాహా చేతులు కదల్లేదు. నీ కూతురుంది కాబట్టి ఎడమ. మరి ఇన్నేళ్ళూ? ఈ మాట నమ్మి కుడికి తిప్పిన వాళ్ళందరి పడవల్లో ఎవరున్నారని?

జైతూని మూలిగింది. అతను బలమంతా వేసి ఎడమకి తిప్పాడు.

పడవ జారింది. కింద లోతు తగిలింది, చల్లగా, నిండుగా. ఎడమ దారి దీవి చెట్ల కిందుగా పోతుంది, కొమ్మలు మొహానికి తగిలేంత దగ్గరగా. ఇప్పుడా గొంతు పక్కనే ఉంది. దూరాన్నుంచి ఎవరికీ అందని మిగతా మాట కూడా వినిపించింది.

"ఎడమకి తిప్పు ఫమావూ... కదిలింది, కదిలింది... ఇక ఆగు. ఫమావూ... నేనింకా ఎక్కలేదు."

ఫమావు వెనక్కి తిరగలేదు.

"మేట మీద ఇరుక్కుంటే మీ నాన్న దిగి తోశాడు," అన్నాడు, తనలో తాను గొణుక్కుంటున్నట్టు. "నడుముదాకా బురదలో... పాటు తీస్తోందిరా అప్పుడు. ఆగితే పడవ పోయేది."

"నీళ్ళలో పడ్డాడన్నావు."

ఫమావు గడ ఎత్తి మళ్ళీ వేశాడు.

"నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పావు మామా."

"ఆగు..." అంది చెట్లలోంచి గొంతు.

ఇప్పుడూ పాటు తీస్తోంది. ఆగితే ఇరుక్కుపోతారు. త్వాహా చుక్కాని వదల్లేదు, పడవ ఆపలేదు. "నాన్నా..." అనబోయి, చుక్కానిని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

మలుపు తిరిగేసరికి దూరంగా లాము దీపాలు. ప్రవాహం పడవని అందుకుంది. ఇక గంట కూడా పట్టదు.

అంతలో పడవ ఎడమ పక్కకి ఒరిగింది... ఎవరో అంచు పట్టుకుని బరువు మోపినట్టు. మళ్ళీ నిదానంగా నిలబడింది.

ఫమావు ముందే ఉన్నాడు, గడతో. త్వాహా వెనకే ఉన్నాడు, చుక్కానితో.

చాప మీద నుంచి జైతూని నీరసంగా అడిగింది.

"ఏమయ్యా... నా కాళ్ళ దగ్గర తడిబట్టలతో కూర్చున్నది ఎవరు?"